గుమ్మం ముందు గిన్నెలు

మొదటి గిన్నె ఒక సోమవారం పొద్దున వచ్చింది. పనికి పోదామని తలుపు తీస్తే గుమ్మం ముందు, మా ఆయన గంబూట్ల పక్కన, అల్యూమినియం రేకు కప్పిన గాజు గిన్నె. వంగి ముట్టుకున్నాను. అడుగు ఇంకా వెచ్చగా ఉంది. రోడ్డుకి ఆ చివరా ఈ చివరా చూశాను, ఒక్క మనిషి లేడు. ఎదురుగా కంచె అవతల ఆవులు మాత్రం తలలెత్తి నా వంకే చూస్తున్నాయి, ఎవరు పెట్టారో తమకు తెలుసు గానీ చెప్పం అన్నట్టు.

రేకు తీసి చూశాను. పైన ఎర్రగా కాలిన బంగాళాదుంప ముద్ద, కింద కీమా. వాసన బాగుంది. బాగుండటమే నాకు నచ్చలేదు.

నేను అనుమానం మనిషిని. ఇందులో దాచుకునేదేమీ లేదు. చిన్నప్పుడు మా అమ్మ అక్కల్ని వదిలేసి నన్నే కూరల బజారుకి పంపేది, పుచ్చు వంకాయ నా చేతిలోంచి సంచిలోకి పోయేది కాదు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం అని మా ఆయన పెళ్ళయిన కొత్తలో మెచ్చుకోలుగా అనేవాడు, ఇప్పుడూ అదే మాట వేరే గొంతుతో అంటాడు. న్యూజిలాండ్‌లో, అదీ ఇలాంటి పల్లెటూళ్ళో, ఈ గుణం తగ్గాలి కదా, ఇక్కడ సగం మంది తలుపులకి తాళాలు వెయ్యరు. తగ్గలేదు. తాళం వెయ్యని మనుషుల్ని చూస్తే వీళ్ళకి ఇంత ధీమా ఎక్కడిదని కొత్త అనుమానం మొదలైంది.

ఈ ఊళ్ళో గుమ్మాల ముందు వస్తువులు ప్రత్యక్షమవడం వింత కాదు. చలికాలం ముందు ఫీజోవాలని ఆకుపచ్చ పండ్లు కాస్తాయి. ప్రతి పెరట్లో చెట్టుంటుంది, ప్రతి చెట్టుకీ తినలేనన్ని కాస్తాయి. వాటిని వదిలించుకోవడానికి జనం సంచుల్లో నింపి పక్కవాళ్ళ గుమ్మాల ముందు పెట్టి జారుకుంటారు. మేం వచ్చిన మొదటి ఏడు అలాంటి సంచి చూసి, ఇంత మంచి పండ్లు ఊరికే ఎందుకిస్తారని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు, చివరికి ఇల్లంతా వాసన పట్టింది. సరే, అది పండు, చెట్టు నుంచి రాలుతుంది. వండిన కీమా రాలదు. ఎవరో పొద్దున్నే లేచి ఉల్లిపాయ తరిగి, పొయ్యి వెలిగించి, కారేసుకుని మా ఇంటికి తెచ్చి, తలుపు కూడా తట్టకుండా పోయారంటే కారణం ఉండాలి.

కారణం ఉంది. అదే నా భయం.

అప్పటికి కొన్ని వారాలుగా మా ఇంట్లో ఒక విషయం దాస్తున్నాం. మా ఆయన మెడకి ఎడమ పక్కన, దవడ కింద, ఉసిరికాయంత గడ్డ లేచింది. నొప్పి లేదు. నొప్పి లేని గడ్డ అంటే నాకు ఇంకా భయం, నేను పనిచేసేది రెస్ట్ హోమ్‌లో, ముసలివాళ్ళ ఒంటి మీద అన్ని రకాల గడ్డలూ చూశాను. పామర్‌స్టన్ నార్త్ ఆసుపత్రికి తీసుకెళితే ముందు సూదితో చూశారు, తర్వాత చిన్న కోత పెట్టి ముక్క తీశారు. దాని ఫలితం రావాలి.

మేం దాస్తున్నది అసలు మా అత్తయ్య దగ్గర. మామయ్యకి సరిగ్గా అక్కడే, అదే వైపు లేచింది గడ్డ. ఆయనకి గొట్టంలోంచి జావ పోసి, ఒళ్ళు తుడిచి, చివరిదాకా చేసింది ఆవిడే. ఆయన పోయిన ఏడాదే ఆవిడ గుండెకి స్టెంట్ వేశారు. ఈమెకి ఇంకో దెబ్బ తగలకుండా చూసుకోండి అని అక్కడి డాక్టరు మాతో ఫోన్లో అన్నాడు. ఆ మాట విన్నాకే ఆవిడని మా దగ్గరికి తెచ్చుకున్నాం. ఇప్పుడు కొడుకు మెడ మీద అదే గడ్డ అని ఆవిడకి ఎవరు చెప్తారు? ఫలితం తెలిసేదాకా నోరు విప్పేది లేదని ఇద్దరం ఒట్టు వేసుకున్నాం. ఆవుల దగ్గరికి పోయేటప్పుడు బనీనుతో పోయే మనిషి చొక్కా తొడిగి కాలరు బొత్తాం పైదాకా పెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఆసుపత్రికి వెళ్ళినప్పుడల్లా నేను కారు టైర్లు మార్పించడానికి వెళ్తున్నామని చెప్పాను. ఆ రోజుల్లో మా కారుకి చాలా టైర్లు మారాయి.

ఆవిడ దగ్గర దాచాలంటే ఊరి దగ్గర కూడా దాచాలి. దానికి కారణం మా గుడి.

మాది కృష్ణా జిల్లాలో తాతల నాటి క్రైస్తవం. మా అత్తయ్య చర్చి అనదు, మా వైపు పెద్దవాళ్ళందరిలాగే గుడి అంటుంది. ఇక్కడి గుడి చిన్న చెక్క కట్టడం, తెల్ల రంగు, ఎర్ర రేకు కప్పు. చుట్టూ సమాధులు, వాటి చుట్టూ కంచె, కంచె అవతల గొర్రెలు. వచ్చేది పదిమందికి పైన, పాతికమందికి లోపు. అయ్యగారు, అంటే పాస్టరు, నాలుగు ఊళ్ళ గుళ్ళు చూడాలి కాబట్టి అన్ని ఆదివారాలూ రారు. అయ్యగారు ఆడమనిషే, అయినా మా అత్తయ్య అయ్యగారనే అంటుంది, మాన్పించడం నా వల్ల కాలేదు.

ఆ గుళ్ళో ప్రతి ఆదివారం ఒక కాగితం పంచుతారు. ముందు వైపు పాటల నంబర్లు, వెనక వైపు ఊరి వార్తలు. సమాధుల మధ్య గడ్డి కోసిన ఫలానా వారికి వందనాలు. హాల్లో గొడుగు మరిచిపోయినవారు తీసుకెళ్ళగలరు. శనివారం గుడి కప్పు గటర్లు శుభ్రం చేయడానికి నిచ్చెన ఉన్నవాళ్ళు రావాలి. అన్నిటికీ కింద, ఎవరెవరికి ఒంట్లో బాగాలేదో వాళ్ళ కోసం ప్రార్థించండి అని. ఆ కాగితం తయారుచేసేది ఒక పెద్దావిడ. పొడుగ్గా, గట్టిగా, ఎప్పుడూ నీలం స్వెట్టరులో ఉంటుంది. ఆవిడకి నేను మనసులో పెట్టుకున్న పేరు వార్తలావిడ. ఒక రైతుకి మోకాలు చిప్ప మారిస్తే ఆయన ఆసుపత్రి నుంచి ఇంటికి రాకముందే కాగితంలోకి వచ్చేసింది.

మా సంగతి ఆ కాగితంలోకి ఎక్కితే ఇంకేముంది. ఆరాధన అవగానే ముసలమ్మలందరూ వరసపెట్టి వచ్చి మా అత్తయ్యని కౌగలించుకుంటారు. ఆవిడకి ఇంగ్లీషు రాదు. కానీ క్యాన్సర్ అనే మాట ఎవరన్నా ఆవిడకి అర్థమవుతుంది, మూడేళ్ళు ఆ మాటతో కాపురం చేసింది.

అందుకే ఆ కీమాని ఎరువు గుంటలో పారేశాను.

గురువారం రెండో గిన్నె వచ్చింది. యాపిల్ ముక్కల మీద పిండీ పంచదారా చల్లి కాల్చిన తీపి. అది నా చేతికి చిక్కేలోపే పాలు పితికి వచ్చిన మా ఆయన చేతికి చిక్కింది. నేను వెళ్ళేసరికి షెడ్డు వెనక నిలబడి స్పూను కూడా లేకుండా తింటున్నాడు.

"ఎవరికి చెప్పావ్?" అని నిలదీశాను. అత్తయ్య ముందు మీరు అంటాను, షెడ్డు వెనక నువ్వే.

"ఎవరికీ చెప్పలా."

"మరి ఇదేంటి?"

"యాపిల్. బాగుంది, నువ్వూ తిను."

"జాలిపడి పంపిన కూడు నాకొద్దు."

"జాలి ఏ ముక్కలో ఉందో చూపించు, అది వదిలేసి తింటా," అన్నాడు. ఈ మనిషితో ఎప్పుడూ ఇంతే. మెడలో గడ్డ ఆయనది, గొంతులో ముద్ద దిగనిది నాకు.

మిగిలింది ఇంట్లోకి తీసుకెళితే అత్తయ్య చూసి, "ఎవరు పంపారే?" అని అడిగింది.

"గుడివాళ్ళు అత్తయ్యా. ఏదో మిగిలిందట."

"మంచిది," అని ఒక ముక్క నోట్లో వేసుకుంది. ఎందుకు పంపారని అడగలేదు. అడగలేదన్న సంగతి నాకు అప్పుడు తట్టలేదు, నా అనుమానాలన్నీ ఇంటి బయటే తిరుగుతున్నాయి.

ఆ ఆదివారం గుడికి కళ్ళు నాలుగు చేసుకుని వెళ్ళాను. మా అత్తయ్య తెల్ల చీర కట్టి, కొంగు తల మీద వేసుకుని, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి పోతుంది. ఆ రోజు చూస్తే గుమ్మం పక్కన కొత్తగా ఒక చిన్న స్టూలు, దాని ముందు ఒక గొర్రె ఉన్ని పట్టా. చెప్పులు విప్పడానికి ఆవిడ కూర్చోవాలని, చలి నేల మీద పాదాలు పెట్టకూడదని ఎవరో పెట్టారు. ఇన్ని నెలలు లేని మర్యాద ఇవాళ ఎందుకు? అయ్యగారు చెయ్యి కలిపి, వదలకుండా కాసేపు అలాగే పట్టుకుంది. ఒకాయన మా ఆయన భుజం తట్టాడు. ఇక్కడి మగవాళ్ళు ఆవుల్ని తడతారు గానీ మనుషుల్ని తట్టరు.

ప్రార్థనల దగ్గర వార్తలావిడ లేచి కాగితం చూసి చదివింది. మోకాలు చిప్పాయన కోసం, వర్షాల కోసం, యుద్ధాలున్న దేశాల కోసం. చివర్లో కాగితం మడిచేసి, చూడకుండా అంది, "మన మధ్య కష్టంలో ఉన్న ఒక కుటుంబం కోసం." పేరు చెప్పలేదు. ఒక్కళ్ళు కూడా మా వైపు తిరగలేదు. అందరూ మెడలు బిగబట్టుకుని ముందుకే చూస్తున్నారంటే, ఎవరి వైపు చూడకూడదో అందరికీ తెలుసన్నమాట. పక్కన అత్తయ్య కళ్ళు మూసుకుని ఆమేన్ అంది, ఆవిడకి ఆ ఒక్క మాటే అర్థమైందని నేననుకున్నాను.

ఆరాధన తర్వాత గడ్డి దాటి హాల్లోకి వెళ్ళి అందరూ టీ తాగుతారు. టీ కాచి కప్పులు కడగడానికి వంతులుంటాయి గానీ, నేను వచ్చిన కొత్తలోనే ఆ పని మొత్తం నా మీద వేసుకున్నాను. అందరూ నన్ను చాలా మంచిదాన్ననుకున్నారు. అసలు సంగతేమిటంటే హాలు వంటింటికి ఒక పొడుగాటి కిటికీ ఉంది, దాని వెనక నిలబడి కప్పులు కడుగుతుంటే హాల్లో ప్రతి మాటా వినబడుతుంది. ఎవరి ఆవుకి కుంటు వచ్చింది, ఎవరు పొలం అమ్మేస్తున్నారు, అన్నీ నాకు అక్కడే తెలుస్తాయి. ఆ రోజు కప్పులు చప్పుడు చెయ్యకుండా కడిగాను. మా మాట ఒక్కటీ ఎత్తలేదెవరూ. అంటే జాగ్రత్త పడుతున్నారు.

ఊళ్ళో మా విషయం తెలిసినది ఒక్క మనిషికే. మలుపు దగ్గర డెయిరీ ఉంది, డెయిరీ అంటే ఇక్కడ పాలూ బ్రెడ్డూ దగ్గర్నుంచి చేపల ఎరల దాకా అమ్మే చిన్న కొట్టు. ఆ కొట్టు ఆంటీది ఫిజీ. చెరుకు తోటల్లో పనికి ఓడెక్కిన తెలుగువాళ్ళ మునిమనవరాలు. హిందువు, గుడికి రాదు. తెలుగులో ఆవిడ దగ్గర గుప్పెడు మాటలే మిగిలాయి, అన్నం, నీళ్ళు, రా, కూచో, అమ్మాయి. ఆ గుప్పెడూ నా మీదే ఖర్చుపెడుతుంది. కోత పెట్టిన రోజు ఇంటికి వస్తూ బ్రెడ్డు కోసం ఆగితే, కార్లో మా ఆయన మెడ మీద పట్టీ చూసి ఏమైంది అమ్మాయి అంది. చెప్పేశాను. ఆ రోజు ఎవరైనా అమ్మాయీ అని పిలిస్తే చాలు, ఉన్నదంతా చెప్పేసేలా ఉన్నాను.

సోమవారం మూడో గిన్నె వచ్చింది, గుమ్మడికాయ సూపు. నేరుగా డెయిరీకి వెళ్ళాను.

"ఆంటీ, మీరు ఎవరితోనైనా అన్నారా?"

దేని గురించి అని అడగలేదావిడ. చిల్లర సర్దుతున్న చెయ్యి ఆపి హిందీ ఇంగ్లీషు కలిపి చెప్పింది. "వచ్చి అడిగారు. ఆ ఇంట్లో ఏమైంది, మీకు తెలుసా అని ముగ్గురు అడిగారు. నేను పాలు అమ్ముతాను, బ్రెడ్డు అమ్ముతాను, ఇంకేమీ అమ్మను అన్నాను. చాలా?"

"మరి వాళ్ళకెలా తెలిసింది?"

"నన్నెందుకు అడుగుతావ్? వాళ్ళనడుగు. నీళ్ళు తాగుతావా?"

నమ్మాను. ఆవిడ మొహం చూస్తే నమ్మాలనిపించింది. పూర్తిగా నమ్మానని చెప్పను గానీ, క్షమాపణ అడిగే బదులు అవసరం లేని ఉల్లిపాయలు ఒక సంచీ కొన్నాను. ఆవిడ వాటిని తూచి, ఒకటి ఎక్కువ వేసింది.

ఇంటికొచ్చి సూపు ఎరువు గుంటలో పారబోసి, గిన్నెలు మూడూ కడిగి బోర్లించాను. మూడో దాని అడుగున తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించి ఉంది, దాని మీద పెన్నుతో పేరు. ఇక్కడ వాళ్ళ అలవాటది, ఊరంతా తిరిగే గిన్నెలు కదా, ఎవరివి వాళ్ళకి చేరాలని. మిగతా రెండిటి మీద పేరు కడిగి కడిగి చెరిగిపోయింది. ఇది మాత్రం స్పష్టంగా ఉంది. వార్తలావిడ.

అయితే మూలం అక్కడే ఉందని, మధ్యాహ్నమే బయలుదేరాను. అడగాల్సినవి ఇంగ్లీషులో తయారుగా పెట్టుకున్నాను. మీకెవరు చెప్పారు? మా విషయం గుళ్ళో చదవడానికి మీరెవరు? బయలుదేరేముందు గిన్నెలు చేతిలోకి తీసుకుంటే ఖాళీగా ఉన్నాయి. ఖాళీ గిన్నె తిరిగి ఎలా ఇస్తాం? తగువుకి పోతున్నా సరే, ఖాళీ గిన్నె ఇవ్వడానికి నా చెయ్యి రాలేదు. విసుక్కుంటూ డబ్బాలోంచి సున్నుండలు తీసి మూడిట్లోనూ సర్దాను. నెయ్యి ఎక్కువ పోసి చేసినవి, మా ఆయన కోసం దాచినవి.

వార్తలావిడ ఇల్లు గుడికి అవతల. తోటలో మోకాళ్ళ మీద కూర్చుని ఏదో పాతుతోంది. నన్ను చూసి లేచి, మట్టి చేతులు స్వెట్టరుకి తుడుచుకుంది. గిన్నెలు బల్ల మీద పెట్టి అడిగేశాను. తయారుచేసుకున్న ఇంగ్లీషంతా పోయి ఒక్క ప్రశ్నే వచ్చింది.

"మా ఇంటి సంగతి మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు," అంది. "ఏమైందో మాకు తెలియదు."

"తెలియకుండా వండి పంపుతారా?"

ఆవిడ కాస్త ఇబ్బంది పడింది. "మీ అత్తగారు," అంది. "ప్రతి వారం మేమంతా టీకి వెళ్ళాక ఆవిడ లోపల ఉండిపోతారు. బలిపీఠం ముందు మోకాళ్ళ మీద ఉండి పెద్దగా మాట్లాడతారు, చాలాసేపు. ఏడుస్తారు. నేను కొవ్వొత్తులు ఆర్పడానికి ఉంటాను కాబట్టి విన్నాను. ఒక్క మాట కూడా నాకు అర్థం కాలేదు. మీకు తెలుసనుకున్నాం."

నాకు తెలియదు. ఆ సమయానికి నేను హాల్లో కిటికీ వెనక ఊరి కబుర్లు వింటూ ఉంటాను. అయ్యగారి గది శుభ్రం చేస్తున్నాను, చీర కొంగు సర్దుకుంటున్నాను, అని ఏదో ఒకటి చెప్పి ఆలస్యంగా వచ్చేది అత్తయ్య. మా ఆయనేమో పాటల పుస్తకాలు సర్ది నేరుగా కార్లో పడుకుంటాడు, తెల్లవారకముందే లేచిన మనిషి కదా.

"అడిగితే బాగుండదు," అందావిడ. "అందుకని వండాం."

ఆవిడ ఒక సున్నుండ తీసి కొరికి, కళ్ళు పెద్దవి చేసి, ఇందులో ఏముంది అని అడిగింది. మినప్పిండి అని చెప్పాను. మినప్పిండి అంటే ఏమిటో చెప్పలేక వచ్చేశాను.

ఇంటికి వచ్చే దారిలో నా అనుమానం చక్కగా మలుపు తిరిగి ఇంకో ఇంటికి చేరింది, మా ఇంటికే. అయితే ఈవిడ ప్రతి వారం నా మీద దేవుడికి ఫిర్యాదు చేస్తోందన్నమాట. ఇంకేముంటుంది ఏడవడానికి? కొడుకు సంగతి తెలియదు. తిండికి లోటు లేదు. నేను ఆదివారం షిఫ్టులు తీసుకుంటానని ఒకసారి అంది. ఇడ్లీ గట్టిగా ఉందంది. కోడలు మొహం ముడుచుకుని తిరుగుతోందని వాళ్ళ అక్కతో ఫోన్లో అంటుంటే నేనే విన్నాను. నేను ఈవిడ గుండె కాపాడటానికి టైర్ల కథలు అల్లుకుంటూ చస్తుంటే, ఈవిడ తెల్లవాళ్ళ గుళ్ళో కూర్చుని నన్ను ఆడిపోసుకుంటోంది. ఒళ్ళు మండిపోయింది. వారమంతా ఆవిడతో అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు.

తర్వాతి ఆదివారం మట్టల ఆదివారం. మా ఊళ్ళో ఈత మట్టలు పట్టుకుని ఊరేగేవాళ్ళం, ఇక్కడ ఫ్లాక్స్ మొక్కల పొడుగాటి ఆకులు పట్టుకుని గుడి చుట్టూ సమాధుల మధ్య తిరిగాం. గాలికి ఆకులు ఒకరివి ఒకరి మొహాన కొట్టుకున్నాయి. మా అత్తయ్య నడుస్తూనే తన ఆకుని చీల్చి సిలువ అల్లేసింది, అది చూసి పక్కావిడ తన ఆకు కూడా ఇచ్చింది.

ఆరాధన అయ్యాక హాల్లో నీళ్ళు పొయ్యి మీద పడేసి, వెనక నుంచి గడ్డి దాటి, అయ్యగారు అంగీ మార్చుకునే చిన్న గదిలోకి వెళ్ళాను. అక్కడి నుంచి బలిపీఠం పక్కకి ఒక తలుపుంది. అది ఓరగా తీసి ఉంది. తలుపు వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాను. నా పేరు వస్తే అప్పుడే బయటికి వచ్చి అడిగేద్దామనే నిలబడ్డాను.

అత్తయ్య మోకాళ్ళ మీద ఉంది. చేతిలో ఆకు సిలువలు రెండు. గొంతు మామూలుగా, పక్కింటామెతో మాట్లాడుతున్నట్టే ఉంది.

"స్తోత్రం తండ్రీ. మళ్ళా వచ్చాను. ఆ పిల్లోడి మెడ మీద గడ్డ తగ్గలేదు. కాలరు పైదాకా బొత్తాం పెట్టుకుంటన్నాడు. వాళ్ళ నాన్న కూడా అట్టాగే పెట్టుకునేవోడు, నాకు కనపడకూడదని. నేను మొదటిరోజే చూశాను తండ్రీ. నీకు తెలుసు. ఆయన్ని తీసుకెళ్ళినప్పుడు నేను నిన్నేం అనలేదు. ఈసారి అంటాను. ముందే చెప్తన్నా."

కాసేపు ఏడ్చింది. కొంగుతో ముక్కు తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టింది.

"నాకు తెలుసని ఆళ్ళకి తెలియనీయబాక. ముఖ్యంగా ఆ పిల్లకి. నన్ను కాపాడుతున్నాననుకుని నిలబడి ఉంది అది. నాకు తెలిసిపోయిందని తెలిస్తే కూలబడిపోద్ది. టైర్లంట తండ్రీ, ఎన్ని టైర్లు మారుస్తది పాపం. దానికి నిద్ర ఇయ్యి. తింటం లేదు. ఈళ్ళు ఎవరో మంచోళ్ళు వండి పంపుతుంటే అనుమానపడి పారేస్తంది. దాని గుణం మార్చమని నేను అడగను, ఆ గుణంతోనే నా కొడుకుని కనిపెట్టుకుని ఉంది. ఒక్క ముద్ద తినేటట్టు చెయ్యి. అంతే."

తర్వాత ఊళ్ళో వాళ్ళందరి పేర్లూ ఒక్కొక్కటే చెప్పి దీవించమంది. నేను అక్కడే నిలబడి వినలేకపోయాను. అయ్యగారి అంగీల మధ్య మొహం పెట్టుకుని కాసేపుండి, గడ్డి దాటి వెళ్ళిపోయాను. నీళ్ళు మరిగి సగమయ్యాయి. కాసేపటికి అత్తయ్య హాల్లోకి వచ్చి, నా మొహం చూసి, "ఏమే, కళ్ళు ఎర్రగా ఉన్నాయి?" అంది.

"ఆవిరి అత్తయ్యా."

"జాగర్త," అని కప్పు పట్టుకుని వెళ్ళి కూర్చుంది.

విన్నానని ఆవిడకి చెప్పలేదు, మా ఆయనకీ చెప్పలేదు. తెలియనీయవద్దని ఆవిడ అడిగింది నన్ను కాదు, అయినా చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ సాయంత్రం నాలుగో గిన్నె వచ్చింది, కోడి మాంసం కూర లాంటిది, ఉప్పు కారం లేకుండా. ఒక పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ, అత్తయ్య ఎదురుగా కూర్చుని, కంచం ఖాళీ చేసేదాకా తిన్నాను. ఆవిడ నా కంచం వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడుతోందో నాకిప్పుడు తెలుస్తోంది.

ఈస్టర్ అయిన వారంలో ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. మా ఆయన పొలంలో కంచె సరిచేస్తున్నాడు. అక్కడే మాట్లాడి, నన్ను కంచె దగ్గరికి పిలిచి చెప్పాడు. క్యాన్సర్ కాదు. వదిలేస్తే పెరుగుతుంది కాబట్టి కోసి తీసెయ్యాలి. నేను ఎన్నిసార్లు మళ్ళీ చెప్పమన్నానో లెక్కలేదు. డాక్టరు ఏ మాట వాడాడు, ఆ మాటే వాడాడా, కాదు అన్నాడా కాకపోవచ్చు అన్నాడా. కాదు అన్నాడు, అని ఆయన నెమ్మదిగా ప్రతిసారీ చెప్పాడు.

ఇక అమ్మకి చెప్పేద్దాం అన్నాడు. నడుస్తూ నడుస్తూ ఎలా చెప్పాలో వల్లె వేసుకున్నాడు, ఒక చిన్న విషయం అమ్మా, కంగారు పడొద్దు అని. నేను ముందు ఇంట్లోకి వెళ్ళాను. అత్తయ్య వంటింటి బల్ల దగ్గర కందిపప్పు ఏరుతోంది. ఇక్కడి పప్పులో రాళ్ళుండవు, అయినా ఏరుతుంది. కిటికీలోంచి చూసింది. మా ఆయన దొడ్లో నుంచి వస్తున్నాడు, చొక్కా కాలరు విప్పేసి ఉంది.

"అమ్మాయ్, ఆ పై అరలో గ్లాసు తీసివ్వవే," అంది.

గ్లాసులు ఆవిడకి అందవు. తీసిచ్చాను. లేచి వెళ్ళి నీళ్ళు నింపుకొచ్చి, పప్పు పళ్ళెం పక్కన పెట్టుకుని, తాగకుండా మళ్ళీ ఏరడం మొదలుపెట్టింది.

మా ఆయన వచ్చి ఎదురుగా కూర్చుని చెప్పాడు. వల్లె వేసిన మాటలే చెప్పాడు. ఆవిడ పప్పు వదిలేసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "ఎప్పట్నించిరా? ఇంట్లో ఉన్నదాన్ని, నాకొక్క మాట చెప్పలేదేరా?" అంది. కొడుకు మెడ మీద చెయ్యి వేసి, మొదటిసారి చూస్తున్నట్టు తడిమి చూసింది. ఎంత బాగా చేసిందో. ఆయన పూర్తిగా నమ్మేశాడు, తప్పు చేసినవాడిలా తల దించుకున్నాడు. నేను సింకు దగ్గర నిలబడి చూస్తున్నాను. నేనూ నమ్మినట్టే మొహం పెట్టాను.

"క్యాన్సర్ కాదంటమ్మా," అన్నాడాయన.

ఆ మాట మా ఇంట్లో పైకి అనడం అదే మొదలు. సింకు అంచు పట్టుకున్నాను గానీ చెయ్యి నిలవలేదు. నేల మీద కూలబడిపోయాను. ఏడుపు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, ఆపుకోవడం కూడా నా వల్ల కాలేదు. మా ఆయన, అమ్మకి చెప్తే నీకేమైందని కంగారుగా లేచాడు.

ఆయన లేచేలోపే అత్తయ్య నా పక్కన నేల మీద కూర్చుని ఉంది. ఇందాకటి గ్లాసు ఆవిడ చేతిలో ఉంది, ఒక్క గుక్క కూడా తగ్గలేదు.

"తాగమ్మా," అంది, నా తల వెనక చెయ్యి వేసి. "నిదానంగా తాగు."

అడుగు దాకా తాగాను.